నడుమ చోటు

వరంగల్ కోటలో రాతి తోరణం మధ్య నుంచి సూర్యుడు లేచే ఫొటో కోసం భీమవరం నుంచి వెళ్లాను. తొమ్మిదికే తిరుగు రైలు. నేను చేరేసరికి అయిదుగురు ఫొటోగ్రాఫర్లు స్టాండ్లు వేసుకుని ఉన్నారు. సరిగ్గా నడుమ ఉన్నది, తర్వాత తెలిసింది, ఆ ఊళ్లోనే కొత్తవాడలో మగ్గం నేసే ఆయన. నాకు దొరికిన చివరి చోటు నుంచి స్తంభమే తప్ప సూర్యుడు కనబడడు.

"అన్నా, ఏ ఊరు మీది? మల్లెప్పుడొస్తరు?" అని నేతాయన అడిగాడు.

"భీమవరం. మళ్లీ రావడం కష్టమేనండి."

ఆయన స్టాండు ఎత్తుకుని పక్కకు జరిగాడు. "గిట్ల రాండ్రి. దూరపోళ్లదే నడుమ చోటు."

"మరి మీ ఫొటో?"

పక్కాయన నవ్వాడు. "నాలుగు దినాలసంది వస్తాండు. ఇయ్యాల్నే మబ్బు పోయి మొగులు సాఫయింది."

"నువ్వు జర ఊకోరాదు! అన్నా, ఫికర్ చెయ్యకుండ్రి. మాకు రేపు గూడ పొద్దు పొడుస్తది. ముందుగాల లెన్సు మూత తియ్యుండ్రి!"

సూర్యుడు రెండు స్తంభాల మధ్యకు వచ్చాడు. ఫొటో తీశాను.

చివరివారు మొదటివారవుతారన్న బైబిలు మాట సండే స్కూలు పిల్లలకు ఏళ్లుగా చెబుతున్నాను. అందుకోసం మొదట నిలబడ్డవాడు పక్కకు జరగాలని నాకెన్నడూ తోచలేదు.