పదకొండు గంటల దగ్గు

మా బేకరీలో దెయ్యం ఉందన్న మాట మొదట అన్నది నేను కాదు, మా మాస్టరు. బట్టీలో రొట్టెలు కాల్చే మనిషిని మేం మాస్టరనే అంటాం. పాతికేళ్లుగా హనుమాన్ జంక్షన్ నుంచి మొదటి బస్సుకి వచ్చే మనిషి, ఓ ఉదయం ఏప్రాన్ విప్పి బల్ల మీద పెట్టేశాడు.

"అమ్మా, అయ్యగారు బట్టీలోంచి దగ్గుతున్నారండి. ఇక నా వల్ల కాదు."

మా ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. పెద్దకర్మ అయ్యాక షాపు తెరిచాం. పొద్దున్నే షట్టరు ఎత్తడం, మామిడి తోటలకి వెళ్లే కూలీలకి బన్నులు కట్టివ్వడం, పిండి బస్తాలు దింపించుకోవడం అన్నీ నా నెత్తినే పడ్డాయి. భయపడటానికి కూడా ఓపిక లేదు. మాస్టరు మానేస్తే మాత్రం షాపు మూసుకోవాల్సిందే. నాకు బట్టీ వెలిగించడం కూడా రాదు.

"దగ్గితే దగ్గనివ్వండి. బతికున్నప్పుడు మాత్రం ఊరుకున్నారా?" అన్నాను. ఒక్క వారం ఆగమని బతిమాలాను.

నిజానికి ఆ దగ్గు నేనూ విన్నాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. సరిగ్గా పదకొండింటికి. ఆ వేళకే మా ఆయన బట్టీ పక్కన స్టూలు వేసుకుని అలా దగ్గేవారు. టీ తెమ్మని అర్థం. నోరు తెరిచి అడిగితే ఆయన సొమ్మేం పోయేదో. ముప్పై ఏళ్లు "వస్తున్నా ఉండండి" అని విసుక్కుంటూనే ఇచ్చాను. ఇప్పుడూ దగ్గు వినపడగానే అదే మాట నా నోట్లోంచి వచ్చేసేది. వెళ్లి టీ కూడా పెట్టేసేదాన్ని. తర్వాత నేనే తాగేదాన్ని.

వారం తిరగకముందే ఆగిరిపల్లి నుంచి కట్టెల ట్రాక్టరు వచ్చింది. తోటల్లో కొట్టేసిన ముసలి మామిడి చెట్ల కట్టెలు మాకు తెచ్చేది ఆ డ్రైవరే. మంచివాడు, చిన్న పుల్ల కూడా పారెయ్యడు. లోడు దింపుతూ అడిగాడు.

"అప్పుడు మిగిలినవి వాడేశారాండీ?"

"ఏం మిగిలినవి?"

"అయ్యగారికి మన బట్టీ కట్టెలే తీసుకెళ్లాం కదండీ. కొన్ని మిగిలాయి. మంచి లావు దుంగలు, వదిలెయ్యడం ఎందుకని వెనక్కి తెచ్చి పేర్చాను."

మాస్టరు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మా వైపు శ్మశానానికి వెళ్లొచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోనిదే గడప తొక్కరు. అక్కడి వస్తువు ఏదీ వెనక్కి తేరు. అలాంటిది మా ఆయన చితికని వెళ్లిన కట్టెలతో మేం ఇన్నాళ్లూ ఊరందరికీ బన్నులు కాల్చాం. పుట్టినరోజు కేకులు కూడా.

మాస్టరే ముందు తేరుకున్నాడు. ఆ దుంగల్లో రోజుకొకటి రెండో వాయికి వేస్తున్నాడట, పదిన్నర దాటాక. కణుపులున్న మామిడి దుంగ కాలితే పేలుతుందట.

"ఆ దగ్గు అదేనమ్మా. కానీ ఈ సంగతి బయటికి పొక్కితే మన బన్ను కుక్క కూడా ముట్టదండి. ఉన్నవి వెనక్కి శ్మశానానికే పంపించెయ్యండి."

ఇంకో పది దుంగలున్నాయి. వాటిని పంపడం నాకు ఇష్టం లేదని అప్పుడే తెలిసింది. కానీ మాస్టరు ఉండాలి, షాపు నడవాలి. పైగా వాదించే శక్తి లేదు. "తీసుకెళ్లండి" అన్నాను డ్రైవరుతో.

ఆయన పోయిన రోజు, ఆడవాళ్లు రాకూడదని నన్ను వీధి మలుపులోనే ఆపేశారు. ఈసారి ట్రాక్టరు ఆ మలుపు తిరిగేదాకా షాపు ముందు నిలబడి చూశాను.

మర్నాడు పదకొండింటికి బట్టీ చప్పుడు లేకుండా మండింది. మాస్టరు ఏప్రాన్ కట్టుకుని ఈల వేసుకుంటూ బన్నులు తీశాడు. "చూశారా అమ్మా, ఏమీ లేదు" అన్నాడు. అవునన్నాను. దుంగ పేలితే పేలవచ్చు గానీ, రెండు పొట్టివి, ఒకటి పొడుగుదిగా రోజూ ఎందుకు పేలిందో మాస్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటిసారి మా ఆయన్ని దేవుడు తీసుకెళ్లాడు. రెండోసారి మాత్రం నేనే పంపించాను. ఏడుపొచ్చింది.

పదకొండున్నర దాకా చూసి, లేచి వెళ్లి టీ పెట్టాను. ముప్పై ఏళ్లలో ఆ షాపులో ఎవరూ దగ్గకుండా నేను టీ పెట్టడం అదే మొదటిసారి.