మార్పిడి లేదు

ఆ రోజుల్లో ఉద్యోగం పర్మినెంటైతే మనిషి కూడా పర్మినెంటైపోతాడని నా నమ్మకం. కల్లూరు దగ్గర ఒక చిన్న డెయిరీలో నేను టెంపరరీ సూపర్‌వైజర్‌ని. మా యజమానిని పెద్దసారు అనేవాళ్ళం (చిన్నసారంటూ ఎవరూ లేరు). ఆయన హైదరాబాదులో ఏదో మీటింగుకు వెళ్ళొచ్చి, "ఇగ మన పాల పాకెట్ మీద జన్యుమార్పిడి లేదని రాయాలె. తెలుగు సంగతి నువ్వు చూసుకో. మంచిగ జరిగితే నిన్ను పర్మినెంట్ చేస్త," అన్నారు.

నా నోరు ఊరుకోదు కదా! "సార్, పెనుబల్లి నుంచి వేంసూరు దాకా బర్లన్నీ పత్తిచెక్కే తింటున్నయి. ఆ పత్తి జన్యువు మార్చిన బీటీదే గద?" అన్నాను.

"గా ముచ్చట బర్రె చెప్పిందా నీకు?"

"లేదు సార్."

"మరి! ఇది స్వచ్ఛందం. రాయమని ఎవడూ జబర్దస్తీ చెయ్యలే. మనంతట మనం రాసుకునేదాన్ని ఎవడు అడుగుతడు?"

రాసిచ్చాను. ప్రెస్సతను "జన్యు" అన్న ముక్కను సరిగ్గా పాకెట్ అంచున వేశాడు. ఆ అంచును మా మిషను కరిగించి అతికించేసింది. ఇక మిగిలింది, కొట్టొచ్చినట్టు ఎర్రటి అక్షరాల్లో, "మార్పిడి లేదు".

మర్నాడు పొద్దున్నే బస్టాండు ముందు టీకొట్టు నడిపే అత్త, పాలు విరిగిన గిన్నె పట్టుకుని డెయిరీ గేటు దగ్గర నిలబడింది. "ఏంది పిల్లగా? పాలు ఇరిగితే మార్చియ్యం అని గిట్ల అచ్చేసి మరీ చెప్తరా? ఎండాకాలం నెత్తి మీదికొచ్చినంక గిదేం పద్ధతి?"

"అది వేరే మార్పిడి అత్తా. బర్రె కడుపులకు పొయ్యే..."

"బర్రె కడుపు సంగతి నాకెందుకు? నా కడుపు సంగతి చెప్పు!"

సాయంత్రానికల్లా సత్తుపల్లి దాకా కొట్లన్నీ వేరే పాలకు తిరిగాయి. పర్మినెంటు మాట దేవుడెరుగు, ఉన్న టెంపరరీ ఊడేలా ఉంది. హడలిపోయి ప్రెస్సుకు ఫోన్ చేసి, "అన్నా, 'లేదు' తీసేసి 'ఉంది' అని వెయ్యి, జల్దీ!" అని బతిమాలాను. అతను మరీ మంచివాడు. "జన్యు" అంచులోకి పోతున్న సంగతి తనే కనిపెట్టి, దాన్ని కూడా పైకి జరిపి పాకెట్ల కవరు కొత్త రోలు పంపాడు. "జన్యుమార్పిడి ఉంది."

నేను చదివేసరికే పాలు కొట్లకు వెళ్ళిపోయాయి. చచ్చాన్రా దేవుడా అనుకుంటూ టీకొట్టుకు పరుగెత్తాను. అత్త పాకెట్ మీద వేలు పెట్టి, ముందున్న ముక్కను వదిలేసి, "మార్పిడి... ఉంది" అని కూడబలుక్కుని, "గట్ల దారికి రండ్రి!" అంటూ రెండు పాకెట్లు ఎక్కువ తీసుకుంది.

వారం తర్వాత పెద్దసారు పిలిపించారు. అప్పటికి పోయిన కొట్లన్నీ మళ్ళీ మా పాలకే తిరిగొచ్చాయి. ఆయన పాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసి, "రోలు అయిపోయేదాక నోరు తెరవకు," అని నా పర్మినెంట్ కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ కాగితాన్ని బస్సులో నలుగురికీ కనిపించేలా పట్టుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. పొరపాటున ఒక్కసారి నిజం అచ్చేయించి పర్మినెంటయ్యాడు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ పొరపాటు చెయ్యలేదు.