కుళాయి ముట్టుకోకు, సిరిల్

మా కారవాన్ల పార్కు, అంటే సెలవులకి వచ్చి ఉండే చక్రాల ఇళ్లు నిలిపే చోటు, నవంబరు మొదట్లో మూసేస్తారు. ఆలోపు ఎవరి బండిలో నీళ్లు వాళ్లు దింపుకోవాలి. గొట్టంలో గుక్కెడు నీళ్లు మిగిలినా చాలు, జనవరి చలికి గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాన్ని నిలువునా చీల్చేస్తాయి. మంచు కరగ్గానే బండంతా చెరువు. మార్చిలో తాళం తీసి అడుగు పెడితే నేల మెత్తగా కాలి కింద దిగబడుతుంది. ఈ తూర్పు ఒడ్డున బండి ఉన్న ప్రతివాళ్లకీ ఈ భయం ఉంది. లేనిదల్లా మా పక్క బండి ఆల్మా గార్బట్‌కే. ఆమె మొగుడు సిరిల్ నీళ్ల శాఖలో చేసి రిటైరయ్యాడు మరి.

సిరిల్ ఉద్యోగమే కారే నీళ్లని పట్టుకోవడం. పొడుగాటి కర్ర ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి, భూమిలో ఏ గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. టీకి పిలిస్తే ముందు వంటింట్లోకెళ్లి కుళాయి బిగించి, ఆ తర్వాత వచ్చి కూర్చునేవాడు. ఆయన బిగించిన కుళాయి తిప్పాలంటే నాకు రెండు చేతులూ కావలసి వచ్చేవి. ఆ మాటంటే, ఇప్పుడు కారడం లేదుగా అని నా మీదే విసుక్కునేవాడు.

ఏటా నీళ్లు దింపే రోజు వాళ్లిద్దరిదీ ఒకటే వరస. ఆయన బండి కిందికి దూరి బిరడా తీసేవాడు. ఈమె లోపల కుళాయిలు తెరిచేది. "వేడిదీ చల్లదీ రెండూ తెరిచావా పిల్లా?" అని ఆయన కింద నుంచి అరిస్తే, తెరిచానని ఈమె పైనుంచి కేకేసేది. ఆ తర్వాత ఆమె పరుపులు గోడకి తగలకుండా నిలబెట్టి, తేమ లాగడానికి గిన్నెల్లో ఉప్పు పోసి, ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా తువ్వాలు అడ్డం పెట్టేది. ఆయన పనిముట్ల పెట్టె మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ పూటంతా సణుగుడే.

అలాంటి మనిషికి మతి జారడం మొదలైంది. "ఊళ్లో అందరి గొట్టాలూ బాగుచేశాడు, ఇప్పుడు ఆయన బుర్రే కారిపోతోంది," అని ఆల్మాయే అంది. అనేసి నవ్వింది, ఆ నవ్వు చూడలేక నేను మొహం తిప్పుకున్నాను.

మతి జారడం మొదలైన ఏడు, చలికాలం ముందు సిరిల్ పనంతా తనే చేశాడు. ఆల్మా నమ్మింది. ఎప్పుడు చేశాడో ఏమో, ఇంకా నీళ్లు పూర్తిగా దిగకముందే వెనక్కెళ్లి కుళాయిలన్నీ గట్టిగా మూసొచ్చాడు. స్ట్రా పైకొసని వేలితో మూస్తే లోపలి రసం కిందికి దిగదు చూడండి, అలాగే నీళ్లన్నీ గొట్టాల్లోనే నిలిచిపోయాయి. మార్చిలో చూస్తే స్నానాల గది గోడ ఉబ్బిపోయి ఉంది, తివాచీ మీద బూజు. పార్కు మేనేజరు క్రెయిగ్ వచ్చి, జేబుల్లో చేతులు పెట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంత పాత బండి బాధ్యత మా మనుషులు తీసుకోరు, మీరే చూసుకోవాలి, ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం స్థలం ఖాళీ చేయాల్సొస్తుంది, కొత్త బండ్ల వాళ్లు ఎదురుచూస్తున్నారు అని. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండింది. మొహం మీదే అడిగేశాను, రేపు మీ అమ్మకి మతి పోతే ఆమె స్థలం కూడా ఖాళీ చేయిస్తావా అని. అతను నాకేసి చూసి, రూలు అందరికీ ఒకటేనన్నాడు.

బండి పోతే పోనీ, ఇంట్లో హాయిగా ఉండొచ్చుగా అని ఆల్మా కూతురు అంటుంది. ఆమెకేం, దూరాన్నుంచి ఎన్నయినా అంటుంది. ఇంటి దగ్గర సిరిల్ పేపరుకని వెళ్లి దారి తప్పుతాడు. ఒకసారి పోలీసులు తీసుకొచ్చి దిగబెట్టారు. అక్కడ ఆయన గుమ్మం దాటితే వెనకాల ఆల్మా నడవాల్సిందే. ఇక్కడ మాత్రం పొద్దున్నే టోపీ పెట్టుకుని కొండవాలు దారిన సముద్రం దగ్గరికి దిగుతాడు, కాసేపు అలలు చూసి, తనంతట తనే బండికి తిరిగొస్తాడు. ఎలా వస్తాడో దేవుడికే తెలియాలి. "ఒక్క ఇక్కడే నేను కూర్చుని వేడి టీ తాగుతాను," అంది ఆల్మా. ఆ బండి నిలబెట్టుకోవాలని ఆమె పడ్డ తాపత్రయమంతా అందుకే.

అలా ఈసారి నీళ్లు దింపే పని ఆమె నెత్తిన పడింది. సముద్రం మీంచి ఈదురుగాలి, నేలంతా బురద. నాకు మోకాలి ఆపరేషనయింది, వంగలేను. సిరిల్‌ని కనిపెట్టుకుని ఉండడం నా వంతు అనుకున్నాం. కానీ మొదట ఆల్మా ఆయన్ని దూరం పెట్టలేకపోయింది. ఎప్పుడూ చేసినట్టే చేద్దాం, ఈసారి నేను కింద, నువ్వు పైన, అంది. ఆయన సంతోషంగా తలూపి లోపలికెళ్లాడు.

ఆమె పాత కోటు పరుచుకుని బండి కింద పడుకుని బిరడా తిప్పింది. కాసిని నీళ్లు ఆమె చేతిలోకి కారాయి, అంతే, ఆగిపోయాయి.

"సిరిల్, కుళాయిలు తెరిచావా?"

"తెరిచాను పిల్లా."

"రెండూనా?"

"రెండూ."

చుక్క రాలేదు. ఆమె బురదలోంచి పాక్కుంటూ లేచి లోపలికెళ్లి చూస్తే అన్నీ మూసి ఉన్నాయి. తెరిచిన మాట నిజమే. నీళ్ల చప్పుడు వినగానే మూసేశాడు. ఆమె కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు తెరిచి ఉంచాలో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆయన అంతా విని, ఇది నాకు తెలియదనుకున్నావా అన్నాడు.

రెండోసారి ఆయన్ని నేను బయటికి తీసుకెళ్లాను. నేను చేసి తెచ్చిన అల్లం కేకు ముక్క చేతికిచ్చి, ఓడలు చూపించి, పాత ఉద్యోగం కబుర్లు అడిగాను. బాగానే చెబుతున్నాడు. మధ్యలో చటక్కున ఆగిపోయాడు.

"ఎక్కడో నీళ్లు పోతున్నాయి," అన్నాడు.

నాకేమీ వినపడలేదు. గాలి హోరు తప్ప ఇంకేముంది? ఒంటేలుకి వెళ్లాలన్నాడు. వద్దని ఎలా అంటాను? నేను కుంటుకుంటూ చేరేసరికి ఆయన లోపల పని కానిచ్చేశాడు. వంటింటి కుళాయి, వాష్‌బేసిను, షవరు, అన్నీ బిగించి ఉన్నాయి. కింద ఆల్మా మళ్లీ చుక్క రాని గొట్టం కేసి చూస్తోంది. నా మీద నాకే చికాకేసింది. సాయానికని వచ్చి చేసిన నిర్వాకం అది.

మళ్లీ తెరిచింది. ఆయన మళ్లీ మూశాడు. తలుపు గడియ పెట్టుకుంటే బయట నిలబడి బాదాడు, నీళ్లు పోతున్నాయి, ఎవరైనా ఆపండి అని. అటు వరసలో వాళ్లు తలుపులు తీసి చూశారు. క్రెయిగ్ కూడా తన ఆఫీసు మెట్ల మీద నిలబడి చూశాడు. ఆల్మాకి తల ప్రాణం తోకకొచ్చింది. జుట్టులో బురద, మోచేతుల దాకా తడి, చలికి పెదవులు నీలంగా. గడియ తీసిందో లేదో, ఆయన ఆమెని తోసుకుని లోపలికి జొరబడి కుళాయి మీద చెయ్యేశాడు.

ఆమె ఆ చేతిని విదిలించి కొట్టింది.

"ముట్టుకోకు. ఇంక నీ జన్మలో కుళాయి ముట్టుకోకు సిరిల్. నువ్వు చెయ్యి పెట్టిందల్లా పాడవుతోంది. నీకు నీళ్ల సంగతి ఏం తెలుసని? ఏమీ తెలియదు."

సిరిల్ ఆ చేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా మెట్లు దిగి, వెళ్లి కారులో కూర్చున్నాడు. మళ్లీ దిగలేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. నీళ్లు ధారగా దిగాయి. కాలి పంపుతో గొట్టాల్లోకి గాలి కొట్టి చివరి చుక్కలు కూడా వెళ్లగొట్టింది. సింకుల్లో, మరుగుదొడ్డిలో గడ్డకట్టని ద్రావకం పోసింది. తాళం వేశాక, "ఇంకేం చేయను చెప్పు," అంది. చేయడానికేముంది? నేనైతే మొదటిసారే అరిచేదాన్ని. ఆ మాటే చెప్పాను.

ఆ చలికాలం గట్టి చలి. పార్కులో ఎన్నో బండ్లు పగిలాయి, కొత్తవి కూడా. క్రెయిగ్ బండే పగిలిందని విని నేను హాయిగా నిద్రపోయాను. గార్బట్ల బండి మాత్రం ఎండు రొట్టెలా పొడిగా ఉంది. మార్చిలో తాళం తీసిన ఆల్మా నేలంతా చేత్తో తడిమి చూసి, అక్కడే కూర్చుని ఏడ్చింది. స్థలం నిలిచింది.

మర్నాడు పొద్దున్న సిరిల్ టోపీ పెట్టుకుని సముద్రానికి బయల్దేరాడు. ఈ నడుమ మనవళ్ల పేర్లు పోయాయి. నా పేరు ఎప్పుడో పోయింది. దారి మాత్రం పోలేదు. మేమిద్దరం కూర్చుని టీ తాగుతుంటే, చేతుల నిండా తడి ఇసుకతో తనంతట తనే తిరిగొచ్చాడు. ఆల్మా నాకేసి గర్వంగా చూసింది.

ఆయన సింకు ముందుకెళ్లి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. ఎంతసేపటికీ కుళాయి తిప్పలేదు.

"కడుక్కో సిరిల్," అన్నాను నేను.

"ఆమె రావాలి," అన్నాడు. "నన్ను కుళాయి ముట్టుకోవద్దంది."

నేను ఆల్మా కేసి చూశాను. ఆమెకి ఇది కొత్త కాదు. చలికాలమంతా ఇంట్లో ఇంతేనట. కుళాయి ముట్టుకోవచ్చని ఆమె రోజూ చెబుతోందట, రోజూ మరిచిపోతున్నాడట. ఇది మాత్రం మరవడం లేదు.

ఆమె కప్పు కింద పెట్టి, లేచి వెళ్లి కుళాయి తిప్పింది. ఆయన చేతులు కడుక్కున్నాడు. ఆమె దాన్ని కట్టేసేదాకా పక్కన నిలబడి చూశాడు. ఎక్కడో ఇంకా చుక్క పడుతూనే ఉంది. ఆయనకది వినిపిస్తున్నట్టే ఉంది. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకున్నాడు.