బస్సెక్కని మనిషి

మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో కథలు రాసేదాన్ని. ఒకటి వారపత్రికలో అచ్చయింది కూడా. తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి బెంగుళూరులో ప్రోగ్రామర్‌గా చేరాను. రెండువేల సంవత్సరం వచ్చేలోపు, ప్రోగ్రాముల్లో రెండంకెలతో ఉన్న సంవత్సరాలన్నిటినీ నాలుగంకెలకు మార్చడం నా పని. మార్చాను. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ భయపడిన జనవరి ఒకటిన ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా గొప్పతనమని ఆఫీసులో లడ్డూలు పంచారు.

ఇంకో ఏడేళ్లు చేసి మానేశాను. మా ఆయన కుప్పంలో లెక్చరర్. అక్కడికి వచ్చేసి మళ్లీ కథ రాయడానికి కూర్చున్నాను. ఒకాయన మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లాలి. బస్సు రాకపోతే ఏం చేస్తాడో రాశాను. వచ్చినా సీటు దొరక్కపోతే ఏం చేస్తాడో రాశాను. సీటు దొరికి చిల్లర లేకపోతే ఏమిటన్నదీ వదల్లేదు. పదకొండు పేజీలయింది.

మా ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"ఈయప్ప బస్సు ఎప్పుడెక్కతాడు?" అన్నారు.

ఆ ఆదివారం పుంగనూరులో మా అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ఇంట్లోనే రవికలు కుడుతుంది. కథంతా చదివి వినిపించాను.

"ఆయప్ప ఈడికి యాల వస్తాండాడు?" అంది, మిషన్ ఆపకుండా.

ఎందుకొస్తున్నాడో నాకు తెలియదు. అది నాకు ఎవరూ చెప్పలేదు. ప్రోగ్రాము ఎందుకో ఆఫీసులో పైవాళ్లు చెప్పేవాళ్లు; కథకూ ఎవరో చెప్పాలన్నట్టు ఇన్నేళ్లుగా అలవాటు పడిపోయానని అప్పుడే అర్థమైంది. సిగ్గేసింది.

ఇంతలో పెద్దపంజాణి నుంచి ఒక ముసలావిడ వచ్చి, రవిక వదులు చెయ్యమంది. అక్క కుట్లు విప్పి వదులు చేసిచ్చింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆవిడ వెళ్లాక అక్క చెప్పింది. "పోయిన వారం బిగువు చెయ్యమనింది. అంతకుముందు వదులు. రవిక సరిగ్గానే ఉండాది."

"మరి యాల వస్తాది?"

"ఇంట్లో పలకరించే దిక్కు లేదు."

అది రాశాను. మూడు పేజీలు. ఒక పత్రిక తిప్పి పంపింది, ఇంకొకటి అయిదు నెలలకు వేసింది. పత్రిక తీసుకెళ్లి అక్కకిచ్చాను. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"నేనింత మంచిదాన్ని కాదు. ఒకోసారి ఆమెను ఇసుక్కుంటా. అది రాయలేదే?"

"నాకు తెలీదక్కా."

"ఒక దినం సూసి రాసేస్తే ఎట్ల తెలుస్తాది? నాలుగు దినాలుండు."

ఉన్నాను. ఊరికే కూర్చోవద్దని హుక్కులు కుట్టమంది. ఆరు రవికలకు కుట్టాను. హుక్కులూడి నాలుగు తిరిగొచ్చాయి.