ఆకాశంలో పట్టాలు

కువైట్‌లోని అబ్బాసియాలో ఎక్కిన బస్సులో నా పక్కన ఒక కోనసీమ పెద్దాయన కూర్చున్నాడు. ఒకప్పుడు పేరుమోసిన అమ్యూజ్‌మెంట్ పార్కులో రోలర్ కోస్టర్ నడిపేవాడట. మర్నాడు శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతూ, దాన్ని ఆఖరిసారి చూడ్డానికి బయలుదేరాడు.

“దాన్ని కూల్చేశారు కదండీ?” అన్నాను.

“ఆయ్, ఖలాస్. అయినా చూడాలి కదండి. పొద్దున్నే గేటు తీసేముందు మేమే ఎక్కి తిరిగేవోళ్లం. మేం బతికి దిగితేనే జనాన్ని ఎక్కించేది.”

“మంచి ఉద్యోగమే,” అన్నాను.

ఖాళీ ఇసుక నేల రాగానే ఆయన తలెత్తి, వేలితో ఆకాశంలోకి మెల్లగా ఓ ఎత్తు గీశాడు.

“అదుగోండి, అక్కడికెక్కి ఒక్క క్షణం ఆగుద్ది. సముద్రమంతా కనపడుద్ది. ఇంక పడుద్దండి, గట్టిగా పట్టుకోండి!”

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాను.