రెండో సీటుకు తొమ్మిదో ఫోను

పెద్దాసుపత్రి టెలిఫోను బోర్డు ముందు ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న మనిషిని ఆపరేటరమ్మ అనక ఇంకేమంటారు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ పేరు వార్డుల్లోనే తిరిగింది. రిటైరయ్యాక ఆవిడతో పాటు అదీ ఇంటికొచ్చి, వీధంతా పాకింది.

మనుషుల నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆవిడ నోట్లో బస్తాడు నువ్వులు నానబెట్టినా ఒక్కటి బయటపడేది కాదు. ఏ డాక్టరు ఇంట్లో ఏ గొడవో, ఏ మంచం మీది మనిషి ఇక లేడో, అందరికంటే ముందు తెలిసేది ఆవిడకే. విన్నది విన్నచోటే వదిలేసి, హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించి ఇంటికొచ్చేది.

మెట్ల కింద కిటికీ లేని గదిలో రెండు కుర్చీలుండేవి. మొదటిది ఆవిడది. రెండోదాంట్లోకి తర్వాత మూడేళ్లకు ఇంకొకావిడ చేరింది. పని నేర్పింది ఆపరేటరమ్మే. మోచేతికి మోచేయి తగిలేంత దగ్గరగా ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్నారు. ఒకరి టిఫిను డబ్బా ఇంకొకరు తిన్నారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు రెండు షిఫ్టులూ లాగారు. ఆవిణ్ణి ఆసుపత్రంతా రెండో సీటు అనే పిలిచేది.

ఆపరేటరమ్మకు సొంతవాడంటే తమ్ముడొక్కడే. పదకొండేళ్లు చిన్న. తండ్రి పోయిన ఏడాదే ఆవిడ ఉద్యోగంలో చేరింది కాబట్టి వాడి చదువూ పెళ్లీ ఆవిడ చేతుల మీదుగానే జరిగాయి. తన పెళ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. తమ్ముడు బస్సులో రెండు గంటల దూరంలో ఉంటాడు. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు.

కంప్యూటరు కొనమని సలహా ఇచ్చిందీ వాడే. పెన్షనర్ల సంఘం వాళ్లు కాగితాలు పంపడం మానేసి, ఇకమీదట అన్నీ మెయిల్లోనే అన్నారు. ఫోన్లో చూద్దామంటే అక్షరాలు చీమల బారులా కనిపించాయి.

"పెద్ద స్క్రీనున్నది కొనుక్కో అక్కా. వచ్చే ఆదివారం నేనొచ్చి దగ్గరుండి కొనిపిస్తా. ఈ షాపుల వాళ్లు మాయగాళ్లు, ఒక్కదానివే వెళ్లకు," అన్నాడు.

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో సోమవారం ఆవిడ ఒక్కతే వెళ్లింది.

షాపువాడు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఏం పనికండీ?" అన్నాడు.

"చదువుకోడానికి, రాసుకోడానికి."

"గేములు ఆడతారా?"

"నన్ను చూసే అడుగుతున్నారా?"

అతను నవ్వి మధ్యరకం పెట్టె ఒకటి చూపించాడు. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూసుకుంది. అక్షరాలు పెద్దవి చేయించి దూరం నుంచి చదివింది. బేరమాడింది. అంతా అయ్యాక అడగాల్సిన మాట అడిగింది. "ఇందులోకి దొంగలొస్తారంటారు కదా. రాకుండా ఏం చెయ్యాలి?"

"ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

"ఇంక దొంగలెక్కణ్ణుంచి వస్తారమ్మా. మీ ఇంటి ఫోను నంబరే పాస్‌వర్డ్ పెట్టేస్తా, మర్చిపోరు."

మర్నాడు బిగించడానికి వచ్చినవాడు ఆ నంబరు పసుపు చీటీ మీద రాసి స్క్రీను అంచుకు అంటించి పోయాడు. తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినట్టుందని ఆవిడకు అనిపించకపోలేదు. పని తెలిసినవాళ్లు చేసింది కదా అని ఊరుకుంది.

ఆరు వారాలు ఆ పెట్టెతో బాగానే గడిచాయి. మొదట ఒక వేలితో, తర్వాత నాలుగు వేళ్లతో టైపు చేసింది. రెండో సీటుకు పేజీలకు పేజీలు రాసేది. ఆవిడ తన కూతురు కొనిచ్చిన ఫోన్లో చదువుకుని ఒక్క ముక్క జవాబిచ్చేది: "చదివాను. మోకాళ్లు నొప్పి. తిన్నావా."

ఒక గురువారం పొద్దున పదింటికి ఆపరేటరమ్మ ఆ మోకాళ్ల కోసమే వెతుకుతోంది, కూర్చుని చేసుకునే వ్యాయామాలేమైనా ఉంటాయేమోనని. ఏదో బొమ్మ నొక్కింది. స్క్రీనంతా ఎర్రబడింది. అంబులెన్సు కూతలాంటి మోత మొదలైంది. మధ్యలో పెద్ద అక్షరాలు: మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, ఆపవద్దు, ఈ నంబరుకు వెంటనే ఫోను చేయండి.

చేసింది.

ఎత్తినవాడు తొందరపెట్టలేదు, కసరలేదు. "భయపడకండి మేడమ్. సరైన చోటికే చేశారు. మీ పని అయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను," అన్నాడు. ఆవిడ చెప్పింది మళ్లీ చెప్పించుకున్నాడు. మధ్యలో మాట్లాడలేదు. ఆగమన్నప్పుడు ఎంతసేపో చెప్పి మరీ ఆగమన్నాడు. సరిగ్గా ఇలాగే మాట్లాడాలని ఆవిడ కొత్తగా చేరిన ఆపరేటర్లకు పాతికేళ్లు నూరిపోసింది, ఒక్కరికీ పూర్తిగా రాలేదు. ఆ గొంతు వింటుంటే భయం పోయి ముచ్చటేసింది.

"ఎక్కడ నేర్చుకున్నారు బాబూ, ఇంత చక్కగా మాట్లాడటం?" అని అడిగింది కూడా.

"మీలాంటి పెద్దల దగ్గరే మేడమ్," అన్నాడు వాడు.

వాడు చెప్పిన అక్షరాలు ఒక్కొక్కటే కొట్టింది. వాడు నొక్కమన్నచోట నొక్కింది. బాణం గుర్తు తనంతట తానే స్క్రీను మీద తిరగడం మొదలైంది. "శుభ్రం చేస్తున్నాం. గంట పడుతుంది. ముట్టుకోకండి, చూడకపోయినా పర్లేదు," అన్నాడు. ఆవిడ వెళ్లి ఉతికిన బట్టలు మడతపెట్టుకుంది. ఆ గంటలో వాడు ఆవిడ మెయిలు తెరిచి, పాస్‌వర్డు మార్చి, ఆవిడకు తెలిసిన నలభై ముగ్గురికి ఉత్తరం పంపాడు.

పన్నెండింటికి ఎదురింటి టీచరు తలుపు కొట్టింది. ఆపరేటరమ్మ తలుపు తీస్తే, దయ్యాన్ని చూసినట్టు వెనక్కి జరిగింది.

"మీరు ఆసుపత్రిలో ఉన్నారని రాశారు కదండీ?"

ఫోను చేతికిచ్చి చూపించింది. ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రిలో ఉన్నాను, గొంతు పెగలడం లేదు కాబట్టి ఫోను చేయవద్దు, అర్జెంటుగా ఈ ఖాతాకు డబ్బు పంపండి. కింద ఆవిడ పేరు. పక్క గదిలో స్క్రీను నల్లగా ఉంది. ఆ మర్యాదస్తుడి నంబరు ఎవరూ ఎత్తడం లేదు.

ఆవిడ కూలబడిపోలేదు. ఆసుపత్రిలో ఏ ఘోరం జరిగినా బోర్డు ముందున్నవాళ్లు వరసగా ఫోన్లు చేసుకుపోవాలి, అదే చేసింది. డైరీ తీసింది. బంధువులు ముందు, తర్వాత మిగతావాళ్లు. మొట్టమొదట తమ్ముడు.

"మెసేజా? నేను చూడనే లేదక్కా. పొద్దున్నుంచి ఆఫీసులో ఊపిరాడలేదు." విషయమంతా విని నవ్వాడు. "లోకానికంతా ఫోన్లు కలిపినదానివి, ఫోన్లోనే దొరికిపోయావా?" అని, ఇక మొదలుపెట్టాడు. ఒక్కదానివే షాపుకి వెళ్లొద్దన్నానా, తెలియని నంబరుకి ఎవరైనా చేస్తారా, ఫలానా మా మేనేజరుకి ఏమైందంటే. ఆవిడ రెండుసార్లు పెట్టేస్తానంది. వాడు వినలేదు. ఆవిడకూ గట్టిగా పెట్టేయాలనిపించలేదు. గుండె దడదడలాడుతున్నప్పుడు సొంత మనిషి గొంతు, తిట్టినా, ఊరటగానే ఉంటుంది. నలభై నిమిషాలు.

తర్వాత పిన్నమ్మ కొడుకు, మేనత్త కోడలు, ఇంకొకరు, ఇంకొకరు. రెండో సీటుది తొమ్మిదో నంబరు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

రెండో సీటు అప్పటికే ఇంట్లో లేదు. డబ్బు పంపడం ఆవిడకు చేతకాదు, పంపేంత లేదు కూడా. మనిషి బాగాలేదంటే వెళ్లి చూడాలని మాత్రం తెలుసు. పన్నెండున్నరకు ఫోను చార్జింగుకి వదిలేసి, రొట్టెముక్కా ఫ్లాస్కూ సంచిలో వేసుకుని బస్సెక్కింది. పెద్దాసుపత్రి విచారణ కిటికీలో ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఆవిడ నమ్మలేదు. ఆ కిటికీలో కూర్చునేవాళ్లకు ఎంత తెలుసో ఆవిడకు తెలియనిదా. వార్డు వార్డుకూ తనే వెతుక్కుంటూ పోయింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. రెండో అంతస్తు దిగుతూ మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆ కబురు సాయంత్రం ఆవిడ కూతురు చెప్పింది. ఆపరేటరమ్మ పరిగెత్తుకుంటూ వార్డుకు పోతే, ఆ పిల్ల గుమ్మంలోనే నిలబెట్టి ఒకటే అడిగింది. "మీకు పన్నెండింటికే తెలుసంటగా ఆంటీ. అమ్మ పన్నెండున్నర దాకా ఇంట్లోనే ఉంది. మధ్యలో మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"



దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఆవిడ ఫిర్యాదు ఇచ్చిన ఆఫీసు నుంచి పదిహేను రోజులకు పిలుపొచ్చింది. అక్కడి ఉద్యోగిని తల ఎత్తకుండా, "ఆ నంబరుకు చెయ్యమని మీకెవరు చెప్పారు?" అంది.

"స్క్రీను చెప్పింది."

"స్క్రీను చెప్తే చేసేస్తారా?"

అంత విసుగులోనూ ఆ అమ్మాయి పని తెలిసిన మనిషి. మెయిలు ఖాతా వెనక్కి రప్పించింది. చీటీ చించి పారెయ్యమంది. పొడుగాటి పాస్‌వర్డు పెట్టించింది. అలా మోత మోగితే దాన్ని ఆపేసి, తీగ పీకేసి కూర్చోవాలి తప్ప ఎవరికీ ఫోను చెయ్యకూడదని రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చి ఆపరేటరమ్మ మెయిలు తెరిచింది. ఆ గురువారం తన పేరుతో వెళ్లినవీ, తన పేరుకు వచ్చినవీ అన్నీ అందులోనే ఉన్నాయి. తమ్ముడి జవాబు పదకొండుంపావుకి వచ్చింది.

"నేను ఊళ్లో లేను అక్కా. ఈ నెల నాకే కష్టంగా ఉంది. ఇంకెవరినైనా అడుగు."

దానికి దొంగ రాశాడు: "తమ్ముడూ, నువ్వు తప్ప నాకెవరున్నారు. ప్రాణం మీదికొచ్చింది."

తమ్ముడు రాశాడు: "ఎప్పుడూ నీకిదే మాట. డిశ్చార్జి అయ్యాక చెప్పు, వీలు చూసుకుని వస్తా."

ఆవిడ అది చాలాసార్లు చదివింది. దొంగ తన తరఫున ఎంత బాగా అడిగాడోనని కూడా అనుకుంది. తను ఎప్పుడూ అలా అడిగి ఎరగదు.

రెండో సీటు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆపరేటరమ్మ చూడటానికి వెళ్లింది. రెండో సీటు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. నడకకు నాలుగు కాళ్ల స్టాండు పక్కన పెట్టారు.

"నీ మీద నాకు కోపం లేదే," అంది రెండో సీటు. "నువ్వు రాసినట్టు లేదని నాకు తోచాల్సింది. నా మోకాళ్ల సంగతి అడగలేదు అందులో."

"ముందు నీకే చెయ్యాల్సింది."

"నీ వాళ్లకు చేసుకున్నావు. ఎవరైనా అదే చేస్తారు." గోడ వైపు చూస్తూ అంది. "కొన్నాళ్లు రాకు. నువ్వొచ్చి వెళ్తే మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడదు. నేనిప్పుడు స్నానానికి కూడా దాని చెయ్యి పట్టుకునే పోవాలి."

ఆ నెలాఖరుకి తమ్ముడు వచ్చాడు, చెప్పాపెట్టకుండా. ద్రాక్షపళ్లు తెచ్చాడు. టీ తాగుతూ, "ఆ రోజు ఆ మెసేజు నేను చూసుంటే రెక్కలు కట్టుకు వాలేవాణ్ణి అక్కా," అన్నాడు.

ఎవరి మాటా ఎవరికీ మోయని మనిషి, వాడి మాట వాడికే చూపించింది. కంప్యూటరు తెరిచి కుర్చీ జరిపి, "కూర్చుని చదువు," అంది.

వాడు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ వెనక్కి జరిపి అన్నాడు. "ఇది నేను నీకు రాసింది కాదు కదక్కా. దొంగకు రాసింది."

"రాసేటప్పుడు దొంగ అని నీకు తెలీదు కదరా."

వాడు కప్పులో మిగిలిన టీ వైపు చూశాడు. బస్సు టైమైందన్నాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్లింది, అలవాటు కొద్దీ జాగ్రత్తగా వెళ్లమంది. ఆదివారం ఫోను రెండు వారాలకోసారి అయింది. తర్వాత ఎప్పుడైనా. వచ్చినప్పుడు ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకునేవారు.

ఒక రోజు మెయిలు తెరిస్తే, భద్రత కోసమంటూ ఒక ప్రశ్న ఎదురైంది. మీ ఖాతా మళ్లీ పోతే మీ తరఫున నిలబడే నమ్మకమైన మనిషి ఒకరి నంబరు ఇవ్వండి, మీది కాకుండా. ఇవ్వందే ముందుకు కదలనంది. ఆపరేటరమ్మ డైరీ చూడకుండానే రెండో సీటు నంబరు కొట్టింది. ఆ ఫోనుకు ఆరంకెల సంఖ్య పంపాం, పది నిమిషాల్లోగా ఇక్కడ నింపండి అని వచ్చింది.

ఫోను చేసింది. కూతురు ఎత్తింది.

"అమ్మ ఫోనుకు ఒక నంబరు వచ్చుంటుందమ్మా. అది కాస్త..."

"ఫోన్లో అడిగితే అలాంటివి ఎవరికీ చెప్పకూడదండీ," అంది ఆ పిల్ల, అరవకుండా. "మీకు తెలీదా?" పెట్టేసింది.

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేం లేదు. తనే ఎవరికైనా చెప్పాల్సొస్తే అదే చెప్పేది. ఆవిడ స్క్రీను మీద తగ్గిపోతున్న నిమిషాలు చూస్తూ కూర్చుంది. గడువు తీరిపోయింది, గడి మళ్లీ ఖాళీ అయింది. అందులో తన ఇంటి ఫోను నంబరే కొట్టింది. ఆ నంబరు ఆవిడదేనని ఆ యంత్రానికి తెలియదు. గోడ పక్కన ఫోను మోగింది. ఆవిడ లేచి వెళ్లి ఎత్తి, యంత్రం గొంతు చెప్పిన ఆరంకెలూ విని, పెట్టేసింది.