పిట్టల భయం ఎవరి సొత్తు?

పొడవైన వాక్యం రాయగలిగినవాడే గొప్ప ప్లీడరని నేను గట్టిగా నమ్మిన రోజులవి. రాజమహేంద్రవరంలో కొత్తగా బోర్డు కట్టాను. కక్షిదారులు వచ్చేవారు కారు గానీ నా దగ్గర ఇంగ్లీషు మాటలకు మాత్రం లోటు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే ఇంత చదువూ ఎందుకు చదివినట్టని నా బాధ. (ఆ బాధ ఇప్పటి కుర్ర ప్లీడర్లలోనూ చూస్తుంటాను. ఏమీ అనను.) అలాంటి సమయంలో నా చేతికి చిక్కిన మొదటి పెద్ద వ్యవహారం మా మామగారిది.

ఆయన ఆలమూరు దగ్గరి పల్లెలో పెద్ద రైతు. వరి కంకులు పాలు పోసుకునే వేళ పిచ్చుకలూ చిలకలూ పడి తినేస్తుంటే విసుగెత్తి, సొంతంగా ఒక యంత్రం చేశారు. పొలానికి నీరు తెచ్చే బోదెలో ఒక చెక్క చక్రం తిరుగుతుంది. దాని అంచున ఉన్న మేకులు ఒక్కొక్కటే వచ్చి ఒక కర్రను ఎత్తి వదులుతాయి. కర్ర కంచు పళ్లెం మీద పడి టంగుమంటుంది. పిట్టలు ఆ దరిదాపులకు రావడం మానేశాయి. గట్టు అవతలి పొలం మామగారి తోడల్లుడిది. ఆయన వచ్చి చూసి, "బాగుందండి. వచ్చే పంటకి నేనూ ఒకటి చేయిస్తాను, దీనికి రెండింతలు" అన్నారట. అంతే, మా మామగారికి అన్నం సయించలేదు. కొత్త వస్తువు చేసినవాడికి కలకత్తాలో దొరతనం వారు పేటెంటు అనే హక్కు ఇస్తారనీ, అప్పుడు దాన్ని ఇంకొకడు చేయకూడదనీ ఎవరో చెవిన వేయగానే పడవెక్కి నా దగ్గరికి వచ్చేశారు.

"అల్లుడుగారూ, మా తోడల్లుడు దీని జోలికి రాకూడదండి. నీళ్లతో చేసినా రాకూడదు, గాలితో చేసినా రాకూడదు. గట్టిగా రాయండి" అన్నారు.

గట్టిగా రాయమంటే నేను ఊరుకుంటానా? హక్కు కోరే వాక్యం ఒక్కటే కాగితం నిండా వచ్చింది. తెలుగులో చెప్పాలంటే, "నీటిచేతగాని, వాయువుచేతగాని, తదితర శక్తిచేతగాని, ధ్వని మూలమునగాని, తదితర ఉపాయము మూలమునగాని, పక్షులకుగాని, తదితర ప్రాణులకుగాని కలుగు సమస్త భీతియు" మా మామగారిదే అని దాని సారాంశం. చదివి వినిపిస్తే, ఇంగ్లీషు ముక్క రాని ఆ పెద్దమనిషి కళ్లు చెమర్చాయి. "ఎంత బాగా రాశారండీ!" అన్నారు.

కలకత్తా నుంచి జవాబు వచ్చేసరికి మళ్లీ కంకుల కాలం వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. దరఖాస్తుదారు కోరుతున్నది యంత్రమా, చప్పుడా, భయమా అన్నది తెలియడం లేదు. నీరు పారడం, పిట్ట బెదరడం ప్రకృతిలో ఉన్నవే గనుక వాటిమీద హక్కు ఇవ్వడానికి వీలులేదు. ఈ వాక్యాన్ని బట్టి పొలం గట్టున నిలబడి దగ్గినవాడు కూడా నేరస్తుడవుతాడు. కాబట్టి ఇందులో కొత్త ఏమిటో స్పష్టంగా రాయవలసింది, అని. నాకు తల కొట్టేసినట్టయింది. మామగారు అప్పటికే నా ఇంగ్లీషు గురించి ఊరంతా చాటి ఉన్నారు. అవతల తోడల్లుడుగారు కలప కోయించేశారు.

మా ఇంటావిడ అంతా విని, "నాన్న చేసింది మీరు చూశారాండీ?" అంది.

"చూడటమెందుకు? ఆయన చెప్పారుగా."

"మరి చూడందాని గురించి అంత పొడుగు ఎలా రాశారు?"

(ప్లీడరు అన్నవాడు పెళ్లి విషయంలో జాగ్రత్తగా ఉండాలి.) వస్తున్నామని కబురు పెట్టి, రెండు రోజులకు ఇద్దరం ధవళేశ్వరంలో పడవ ఎక్కాం.

మామగారు మమ్మల్ని తిన్నగా పొలానికే తీసుకెళ్లారు. చక్రం మెరుస్తోంది. టంగు, టంగు, టంగు అంటూ, అడుగు తప్పని సిపాయిలా మోగుతోంది. పిట్టలు లేచిపోయాయి. మామగారు నావైపు గర్వంగా చూశారు. కాసేపటికి ఒక పిచ్చుక వచ్చింది. తరవాత నాలుగు. తరవాత లెక్కలేదు. ఎండెక్కేసరికి ఒక పిచ్చుక కంచు పళ్లెం పక్కనే కూర్చుని, దెబ్బ పడినప్పుడల్లా తోక ఆడిస్తోంది. మామగారి మొహం చూడలేకపోయాను.

"మొన్నటిదాకా ఒక్కటీ వాలలేదండి! నా మాట నమ్మండి!"

"మొన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది మామయ్యగారూ?"

ఆయన గొంతు తగ్గించి, "చక్రానికి మేకులు కొన్ని ఎప్పుడో ఊడిపోయాయండి. అల్లుడుగారు చూస్తే బాగుండదని నిన్ననే కొత్తవి కొట్టించాను" అన్నారు.

ఆ కొత్త మేకులు పీకించాం. చక్రం తిరిగింది. టంగు. టంగు టంగు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టంగు. పిచ్చుకలు గుప్పున లేచాయి. పొద్దు వాలేదాకా గట్టుమీదే కూర్చున్నాం. వాలబోవడం, ఎగిరిపోవడం తప్ప ఒక్కటీ కంకి ముట్టలేదు. తరవాతి దెబ్బ ఎప్పుడో వాటికి తెలియడం లేదు.

"ఇదేనండి కొత్త!" అని నేను ఎగిరి గంతేశాను. "చక్రం ఎప్పటినుంచో ఉంది, చప్పుడూ ఉంది. ఎడం సమానంగా లేని మేకులు ఎవరికున్నాయి?"

మామగారు దెబ్బతిన్నట్టు చూశారు. "అంటే ఊడిపోయిన మేకులు నా ఘనతని కలకత్తాకి రాస్తారా? మా తోడల్లుడు వింటే ఏమంటాడండి?" అని విసవిసా ఇంటికి వెళ్లిపోయారు.

మా ఇంటావిడ వెనకాలే వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. "ఊడితే ఊడాయి నాన్నా. మళ్లీ కొట్టించకుండా ఇన్నాళ్లూ ఎందుకు ఉంచావు?"

"అలా ఉంటేనే పిట్టలు రావట్లేదనిపించిందమ్మా. ఎందుకో తెలీదు. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు."

"చూసింది నువ్వేగా మరి."

ఆయన నావైపు తిరిగి, "సరే, రాయండి" అన్నారు. నేను కాగితం తీసి ఒక్కొక్క మాటే కొట్టేశాను. వాయువు పోయింది, తదితర ప్రాణులు పోయాయి, సమస్త భీతి పోయింది. చివరికి ఒక చిన్న వాక్యం మిగిలింది. సమానం కాని ఎడంలో మేకులు అమర్చిన పిట్టల చక్రం, అంతే.

హక్కు వచ్చింది. తెలుగులో చదివి వినిపించాను.

"ఇంతేనా అండి? మరి నీళ్లో?"

"కాలవ నీళ్లు దొరతనం వారివండి."

"గాలి?"

"అందరిదీనండి."

"పిట్టల భయం?"

"పిట్టలదేనండి."

"అయితే నాది ఆ ఎడమొక్కటేనన్నమాట."

"అదొక్కటే. కానీ అది పూర్తిగా మీదేనండి. ఇంకెవరిదీ కాదు."

ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి పైపంచె కొంగున ముడివేసుకున్నారు.

తోడల్లుడుగారు అన్నంత పనీ చేశారు. రెండింతల చక్రం, మేకులన్నీ ఒకే ఎడంలో. మా హక్కుకు ఏ భంగమూ లేదు. పిచ్చుకలకూ ఏ ఇబ్బందీ లేదు, హాయిగా మేశాయి. మామగారు గట్టు ఇవతల నిలబడి రెండు పూటలు చూశారు. మూడో పూట నేను పక్కన ఉండగానే కేకేశారు. "తమ్ముడూ, అక్కడక్కడా మేకులు పీకెయ్యవయ్యా! పిట్టలు దానికి అలవాటు పడిపోయాయి!"

"మామయ్యగారూ!" అన్నాను ఆదుర్దాగా. "దానికోసమేగా అండి మనం ఇంత చేసింది!"

"నాదేదో తెలిసింది కదండి, ఇక ఇవ్వడానికేముంది?" అన్నారాయన తేలిగ్గా.

అంత కష్టపడి సంపాదించిన హక్కు అలా గట్టు దాటిపోతుంటే నేను అప్పుడు నెత్తి కొట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. ఆ కుర్ర ప్లీడరు గుర్తొస్తే నవ్వొస్తుంది గానీ, లోకంలో ఉన్నదంతా మామగారి పేర రాసిమ్మని ఒక్క కాగితం మీద అడిగేసిన ఆ ధైర్యం చూస్తే మాత్రం కాస్త అసూయగానే ఉంటుంది.